అర్థం కాని కథకు ఊ

తొంభైల్లో దోహాలో నేనొక జర్మన్ కుటుంబానికి హౌస్ డ్రైవర్ని. సారు రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో ఇంజనీరు. ఒక చలికాలం మేడమ్ వాళ్ళమ్మ వచ్చింది. వాళ్ళ దేశంలో ఆమె చాలా పేరున్న నవలా రచయిత్రి అట. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, కూలిన ఊళ్ళో, వంటింటి బల్ల మీద రాయడం మొదలుపెట్టిందట. రైళ్ళలో జనం ఆమె పుస్తకాలు చదువుకుంటూ పోతారట. నాకు మాత్రం కారు తలుపు మెల్లగా వేయమనే పెద్ద మేడమ్, అంతే.

ఆమెకు చూపు మందగించింది. జీవితమంతా వాయిదా వేసిన పుస్తకం ఒక్కటి మిగిలిపోయింది. చెప్పి రికార్డు చేద్దామని చిన్న టేప్ రికార్డర్ తెచ్చుకుంది గానీ, దాని ముందు కూర్చుంటే నోరు పెగలడం లేదు. ఇది చెప్పకుండానే పోతానేమోనని ఏడుస్తోందట. కాస్త గాలి తగిలేలా సాయంత్రాలు తిప్పుకురమ్మంది మేడమ్.

అల్ ఖోర్ దారి పట్టాం. ఎడమ పక్క ఇసుక, కుడి పక్క దూరంగా సముద్రం. ఎండ తగ్గేసరికి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలిసేది కాదు, కారు తేలుతున్నట్టుండేది. వెనక సీట్లో ఆమె, టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని, తనలో తాను జర్మన్‌లో ఏదో చెప్పుకోసాగింది. నేను "ఊ" అన్నాను.

మా కడప పక్క ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది. అవ్వ పక్కలో అలవాటైన నోరు, అది జర్మనో తెలుగో దానికేం తెలుసు?

ఆమె ఉలిక్కిపడి ఆగింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను. కాసేపటికి మళ్ళీ అందుకుంది, నేనూ అందుకున్నాను. ఆ సాయంత్రమే క్యాసెట్ ఒక వైపు నిండింది.

రెండు నెలలు అదే నా డ్యూటీ. గొంతు లేస్తే పెద్ద ఊ, తగ్గితే చిన్న ఊ. వాళ్ళ దేశంలో ఆ క్యాసెట్లు విని టైపు చేసే ఆవిడ, ఈ మూలుగుతున్న మగమనిషి ఎవరని ఫోన్ చేసి అడిగిందట. నజ్మా పేటలో నా రూములోవాళ్ళు పడీపడీ నవ్వారు.

"ఊ కొడితే జీతమిచ్చే కఫీల్ ఇంకొకడుంటే మాక్కూడ జెప్పు," అన్నాడు కరీంనగర్ అన్న.

వాళ్ళకు చెప్పని సంగతొకటుంది. వింటూ వింటూ నాకేవో కనబడేవి. మంచు, రైలు స్టేషను, దిగే ప్రతి మగవాడి ముఖంలోకీ తొంగిచూసే ఒక పిల్ల. నేను మంచెప్పుడూ చూడలేదు. అవి ఎక్కడినుంచి వచ్చేవో.

ఒక సాయంత్రం ఆమె టేపు ఆపి, అయిపోయిందని ఇంగ్లీషులో చెప్పింది. సంతోషించాలి కదా, నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెండు నెలలు విన్నవాడికి చివర తెలియక్కర్లేదా? నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగేశాను.

"ఆఖరికి దొరికినాడా, పెద్ద మేడమ్?"

ఎవరి గురించి అడిగానో నాకే తెలియదు. ఆమె చేతిలోని టేప్ రికార్డర్ని పక్క సీటు మీద పెట్టింది.

"లేదు. మా అన్న యుద్ధం నుంచి ఇంక రాలేదు," అంది.

కారు పక్కకు తీసి ఆపాను. ఎవరో తెలియని మనిషి కోసం స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. తనకొక అన్న ఉండేవాడని కన్నకూతురికి కూడా ఆమె అప్పటిదాకా చెప్పలేదట.