పదిగంటల పూల బతుకమ్మ

పోయిన ఆదివారం అజీజ్‌నగర్ దగ్గర ఒక నర్సరీల తడి ఎర్రమన్ను వాసనకు కాళ్లు ఆగిపోయినయి. చూస్తే నల్ల ప్లాస్టిక్ కుండీలు వరుసగ వేలాడదీసి ఉన్నయి, రాణిరంగు, పసుపు, తెలుపు, నారింజ, ఎరుపు, అంచు మీదికెల్లి కిందికి జారుకుంట విచ్చుకున్న పూలు. "పోర్టులాకా మేడం, లో మెయింటెనెన్స్, బాల్కనీకి సూపరుంటది" అన్నడు అమ్మేటాయన. ఓయబ్బో, నాకే చెప్తున్నవా నాయనా! నాకు పదేండ్లున్నప్పుడు పానమంత ఈ పువ్వు మీదనే పెట్టుకున్న. మా ఊరు సురంగల్‌ల దీన్ని పదిగంటల పువ్వు అనేటోళ్లు, పొద్దు పదిగంటలు దాటి ఎండ సుర్రుమంటె విచ్చుకుంటది, పగటిబువ్వ వేళ దాటితె ముడుసుకుంటది.

మొదటి కొమ్మ నాకు మొయినాబాద్‌ల మా బడి సారు ఇంటి గోడ మీద దొరికింది. దొరికింది అంటున్న గని, అడగకుంట తెంపిన. లావు లావు ఆకులు, ఎర్రటి కాడ చూసి మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, "గంగవాయిలి కూర గింతనే తెచ్చినవేందే, పప్పుల చారెడన్న పడొద్దా?" అన్నది, నేను గుంజుకోకపోతె ఆ పూట ఉడికిపోవునే. డబ్బల నాటి, బడికి పోయేటప్పుడొకసారి, వచ్చినంక ఒకసారి, నిద్రపోయే ముందు ఒకసారి నీళ్లు పోసిన, వారం తిరగక ముందే కాడలు మురిగి నీరైపోయినయి. "చెట్టును సాదుతున్నవా, ముంచుతున్నవా?" అని అవ్వ నవ్వింది. మళ్ల కొమ్మ తెచ్చినంక తనే నేర్పింది: నూనె డబ్బ అడుగున మొలతోని బొక్కలు కొట్టుడు, ఎర్రమన్నుల ఇసుక కలుపుడు, వేలు పెడితె మన్ను పొడిగ తగిలితెనే నీళ్లు పోసుడు, కొసలు తుంపి పక్కనే గుచ్చుడు. వేరు లేకున్నా అదే నాటుకుంటది, మొండిది. ముసురు పట్టినప్పుడు డబ్బలను చూరు కిందికి, ఎండ కాసినప్పుడు పిట్టగోడ మీదికి మోసి మోసి నా చేతులు గుంజేటివి. ఒక్క కొమ్మ పదిహేను డబ్బలైంది, బడిల దోస్తుల దగ్గర కొమ్మకు కొమ్మ మార్చుకోంగ మార్చుకోంగ అయిదు రంగులైనయి.

దసరా సెలవులకు కొండకల్ నుంచి మా మేనత్త బిడ్డ సుజాత వచ్చింది. ఇంట్ల అంతట బతుకమ్మ పండుగ వాసన, వేయించిన నువ్వులు, బెల్లం కలిపిన సత్తుపిండి, గోడకు ఆనించిన తంగేడు కట్టలు, రంగుల ముంచి ఆరబెట్టిన గునుగు. నేను గొప్పలకు పోయి, "నా బతుకమ్మల తంగేడు లేదు, గునుగు లేదు, అన్నీ నా పూలే" అన్న. "గడ్డిపూలతోని బతుకమ్మనా? చూస్త చూస్త" అన్నది సుజాత మూతి తిప్పుకుంట. చెట్టు మీద ముడుసుకుంటయని నాకు తెల్వదా? తెలుసు. తెంపినంక ఇగ చెట్టు మాట ఎందుకు వింటయి అని నా తెలివి. పదకొండింటికి అన్నీ తెంపి, ఇత్తడి తాంబాళంల వరుసలు పేర్చి, తడిబట్ట కప్పి పెట్టిన.

పొద్దుగూకే యాళ్లకు వాడ ఆడోళ్లంత చేరినంక, నలుగురిల బట్ట తీసిన. నమిలి ఉమ్మిన పేలికల లెక్క ఉన్నయి పూలు. సుజాత పొట్ట పట్టుకొని నవ్వింది, అందరూ నవ్విండ్రు, నేను తాంబాళం ఆడనే పడేసి ఇంటికి ఉరికిన, బువ్వ గూడ తినలే.

తెల్లారి అవ్వ మా టమాట చేన్ల తెంపేటోళ్ల కాడికి పోయింది, వెనుక నేను. ఎంకటమ్మ అని అందరికన్న పెద్దామె ఉండె, పని, మాట రెండూ ఆమె చేతిలనే. "పోరి పూలు పగలే పూస్తయట, ఎంకటమ్మా, పగటిబువ్వకు జర మా వాకిట్లకు వచ్చిపోతరా, బలవంతమేం లేదు" అన్నది అవ్వ. ఎంకటమ్మ నన్ను కిందికీ మీదికీ చూసి, "పట్టపగలు బతుకమ్మనానే అవ్వా! మా అత్త వింటె కొడ్తది" అని పకపక నవ్వింది, వస్తనని గని రానని గని చెప్పలే.

అప్పుడే విచ్చుకున్న పూలు తెంపి పేర్చుకుంట గడిగడికి తొవ్వ దిక్కు చూసిన, ఎవ్వరు రాకపోతె? పన్నెండు కొట్టేసరికి సద్దిగిన్నెలు చేతుల పట్టుకొని తొమ్మిది మంది వచ్చిండ్రు, టమాట ఆకుల పసరుతోని ఆకుపచ్చగ, కంపు కంపుగ ఉన్న చేతులు. అవ్వ వాకిట్ల రెండు బిందెలు నీళ్లు చల్లింది, అయినా నేల కాలుతనే ఉండె, చప్పట్లు కొట్టుకుంట అందరూ ఎగిరెగిరి పడుతుంటె అది బతుకమ్మనో, నిప్పుల మీద నడకనో తెల్వది. ఎంకటమ్మ పాటల నా పేరు, నా డబ్బల సంగతి గూడ చేర్చి పాడింది. సుజాత అందరికన్న ఎక్కువ అరిసింది, దానికి కాళ్లు కాలుతున్నయా, సంబురమా ఇప్పటికీ చెప్పదు. నడిమిట్ల నా అయిదు రంగుల పూలు ఒక్కటి గూడ రెప్ప వాల్చలే. అంత సంతోషం నేను మళ్ల ఎన్నడూ చూడలే.

నా పూలు గెలిచినయి, ఆ రోజు నాకు తెలిసింది గంతే. ఆ ఆడోళ్లకు పొద్దంతల నడుం వాల్చనీకి దొరికేది గా ఒక్క గంటనే అని, నాకోసమని నిలబడి సద్ది మింగి మళ్ల చేన్లకు ఉరికిండ్రని, నేను కొలువుల చేరి పగటి తిండి వేళ కోసం గడియారం చూసుడు మొదలువెట్టినంకనే సమజైంది.

ఇప్పుడు ఆ చేను ఫాంహౌజ్ అయింది, వాకిలి దాని గోడల కలిసింది, అవ్వ లేదు, ఎంకటమ్మ లేదు. మొయినాబాద్‌ల మా కాలనీ బతుకమ్మకు లైట్లు, స్పీకర్లు ఉంటయి, బాగనే ఉంటది, నేను గూడ మంచిగనే ఆడుత. మొన్న ఇంటి నుంచి ఆఫీసు పని చేస్తుంటె, పదకొండింటికి పక్కింటి పాప కిటికీ కాడికి వచ్చి, "ఆంటీ, మా కుండీల మొదటి పువ్వు పూసింది, జల్ది రా, మళ్ల ముడుసుకుంటది" అన్నది.

"మీటింగుల ఉన్న బిడ్డా, సాయంత్రం వస్త" అన్న. నేనే అన్న.