జలగకు అపాయింట్‌మెంట్ లేదు

కోవెంట్రీలో గిరిజను తిట్టుకోనివాళ్ళు తక్కువ. మనిషి చెడ్డదై కాదు, చేసే ఉద్యోగం అలాంటిది. జీపీ సర్జరీలో, అంటే మామూలు జబ్బులు చూసే పేట క్లినిక్కులో, రిసెప్షనిస్టు. పొద్దున ఎనిమిదింటికి ఫోన్లు మొదలవుతాయి, ఆవిడ కప్పులో కాఫీ చల్లారేలోపు ఆ రోజు అపాయింట్‌మెంట్లన్నీ అయిపోతాయి. ఆ తర్వాత ఫోన్ చేసిన ప్రతివాడికీ తన దగ్గుకీ, నడుంనొప్పికీ, పెళ్ళాం అలిగి పోవడానికీ కూడా కారణం గిరిజే అనిపిస్తుంది. ఒక ముసలాయన క్యూలో నిలబడి "అక్కడ కూర్చుందే, ఆ డ్రాగన్" అని పక్కవాడితో అంటే, ఆవిడ విని, "డ్రాగన్ పిలుస్తోంది, మీ వంతే, రండి" అంది. కోపంగా అనలేదు. ఆవిడకు కోపం తెచ్చుకునే తీరిక ఉండదు.

సొంతూరు తెనాలి. పెళ్ళయిన ఏడాదికే మొగుడి వెంట ఇంగ్లండు వచ్చేసింది. ఆ మొగుడు సదాశివం కార్ల ఫ్యాక్టరీలో తలుపులు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసే ఇంజనీరు. ఇంట్లో మాత్రం ఏ తలుపు ఎప్పుడు తీయాలో, ఎప్పుడు వేయాలో గిరిజే చెబుతుంది, ఆయన అలాగే చేస్తాడు. వాళ్ళకు ఒక్కతే కూతురు, వర్షిత. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల.

గిరిజకు భయపెట్టే సినిమాలు పడవు. భయంవల్ల కాదు, చిరాకువల్ల. "ఇంట్లో ఏదో ఉందని తెలిశాక కూడా ఆ పిల్ల మేడమీదికి ఎందుకు పోతోంది? తాళం వేసుకుని అక్కగారింటికి పోవచ్చుగా!" అని టీవీని నిలదీసేది. ఆ టీవీ ముందు లోకేష్ కూర్చుని ఉండేవాడు.

లోకేష్ కరీంనగర్ కుర్రాడు. మాస్టర్స్ చేయడానికి వచ్చి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగం చూసుకుని, వీళ్ళింట్లో బాక్స్ రూమ్ అనే అగ్గిపెట్టెంత గది అద్దెకు తీసుకున్నాడు. ఉద్యోగం పొట్ట కోసం, ప్రాణం మాత్రం చవక రకం మృగాల సినిమాల మీద. అన్నిట్లోనూ కథ ఒకటే. కొంతమంది ఒక గదిలో ఇరుక్కుపోవాలి, బయట ఏదో పళ్ళున్న జీవి తిరగాలి, లోపలివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోవాలి. ఆ జీవి వీపు మీద జిప్పు కనబడుతున్నా లోకేష్ ఊపిరి బిగబట్టి చూసేవాడు. ఎప్పటికైనా తనూ అలాంటిదొకటి తీసి, హాల్లో జనాన్ని కుర్చీల కింద దాక్కునేట్టు చేయాలని వాడి కోరిక.

2012లో గిరిజ పనిచేసే సర్జరీ కొత్త భవనంలోకి మారింది. పాత భవనం లీజు ఇంకా కొన్నాళ్ళు మిగిలి ఉంది. ఆ సంగతి విన్న సాయంత్రం లోకేష్ వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, మీ పాత సర్జరీ ఖాళీగనే ఉన్నది కదా. అండ్ల సిన్మా తీస్త."

"ఏం సినిమా?"

"కెనాల్‌ల కెమికల్ కలుస్తది. జలగలు మనిషంత పెరుగుతయి. అన్ని వచ్చి సర్జరీని చుట్టుముడుతయి. లోపట డాక్టరు, ఇద్దరు పేషెంట్లు, ఒక రిసెప్షనిస్టు. రిసెప్షనిస్టు మీరే."

"నేను చస్తానా?"

"ఆఖర్ల సస్తరు ఆంటీ. అందరికన్న మంచిగ సస్తరు."

గిరిజ పోపు వేసి మూత పెట్టింది. "సరే. కానీ రిసెప్షనిస్టు మేడమీదికి పోదు. ముందే చెబుతున్నా."

ప్రాక్టీస్ మేనేజరును ఒప్పించి ఆదివారాలకు తాళంచెవి ఆవిడే తెచ్చింది. కిటికీలకు నల్లటి చెత్త సంచులు అంటించి పట్టపగలే చీకటి చేశారు. జలగ ఒంటికి రెండు స్లీపింగ్ బ్యాగులు కలిపి కుట్టారు. నోటికి గిన్నెలు కడిగే ఎర్ర టబ్బు, పళ్ళకు పాల డబ్బాల ముక్కలు. జలగ ఒంటిమీద కారే జిగురు దగ్గర లోకేష్‌కు పాలుపోలేదు. కొన్నది ఏదీ సాగడం లేదు. గిరిజ సగ్గుబియ్యం జావ కాచి, పచ్చరంగు కలిపి, బకెట్‌తో తెచ్చింది. చూసినవాళ్ళకు ఆ పూట అన్నం దిగదు. లోకేష్ ఆనందానికి అంతులేదు.

జలగలు ఎన్ని ఉన్నా చొక్కా ఒక్కటే. దాన్ని తొడుక్కోవాల్సిన లోకేష్ స్నేహితుడికి అసలు రోజున డ్యూటీ మారి, పనికి పోవాల్సి వచ్చింది. గిరిజ మొగుడి వైపు చూసింది. ఆ చూపు చాలు. సదాశివం కళ్ళజోడు తీసి వర్షిత చేతికిచ్చి జలగలోకి దూరాడు.

సీను ఏమిటంటే, జలగ తలుపు పగలగొట్టుకుని లోపలికి వస్తుంది, రిసెప్షనిస్టు గుండెలు పగిలేలా అరుస్తుంది. లోకేష్ "యాక్షన్" అన్నాడు. తలుపు తెరుచుకుంది. జావ కారుతున్న నల్లటి కొండలాంటిది కౌంటర్ ముందుకొచ్చి నోరు తెరిచింది. గిరిజ నోరూ తెరుచుకుంది. కానీ అరుపు రాలేదు. పదిహేనేళ్ళుగా ఆ కౌంటర్ వెనక ఆ నోటినుంచి వచ్చే మాటే వచ్చింది.

"అపాయింట్‌మెంట్ ఉందా?"

జలగ ఆగిపోయింది. లోపలున్న సదాశివం కూడా ఆలోచించి చేసింది కాదు. భార్య ఆ గొంతుతో అడిగితే ఆయన కాళ్ళు వాటంతటవే వెనక్కి నడుస్తాయి. జలగ తల దించుకుంది, అటూ ఇటూ చూసింది, మెల్లిగా వెళ్ళి గోడ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కూర్చోగానే కింది కుట్లన్నీ పర్రున పోయాయి.

"కట్! ఏంది అంకుల్ గిది!" అని లోకేష్ జుట్టు పీక్కున్నాడు.

"లేదు కదరా మరి, అపాయింట్‌మెంట్," అంది జలగ లోపలినుంచి.

చొక్కా చిరిగింది, మళ్ళీ తీయడానికి వీల్లేదు. కనిపించినంత మేర పిన్నీసులు పెట్టి మిగతావి లాగించారు. చివరి సీనులో గిరిజ చావు మాత్రం లోకేష్ కోరుకున్నట్టే వచ్చింది. జలగ నోట్లో సగం ఉండి, రిసెప్షనిస్టు మోగుతున్న ఫోన్ ఎత్తి, "కాస్త లైన్లో ఉండండి" అని ప్రాణం వదులుతుంది. గిరిజ నిజంగానే ఏడ్చింది. జావ కళ్ళలో పడి కొంత, ఎందుకో తెలియకుండా కొంత.

సినిమాకు "జలగలొచ్చాయి" అని పేరు పెట్టి, మరుసటేడు ఉగాదికి తెలుగు సంఘం అద్దెకు తీసుకున్న హాల్లో, పిల్లల డాన్సులయ్యాక వేశారు. మొదట ఎవరూ భయపడలేదు. వెనక వరసలో పులిహోర పంపకం ఆగలేదు. ఒకావిడ, "ఆ చీర లీసెస్టర్‌లో తీసుకున్నదేనా?" అని గిరిజను వంగి అడిగింది. ఇంతలో తెరమీద జలగ వచ్చింది, గిరిజ అపాయింట్‌మెంట్ అడిగింది, జలగ వెళ్ళి కూర్చుంది. ముందు వరసలో ఒక పిల్లాడు కిసుక్కున నవ్వాడు. తర్వాత హాలంతా విరగబడింది. ఇక ఆ నవ్వు ఆగలేదు. డాక్టరు చచ్చినా నవ్వే, పేషెంట్లు చచ్చినా నవ్వే. గిరిజ ఫోనెత్తి కన్నీళ్ళతో చచ్చిపోతుంటే కొందరు కుర్చీలు చరిచారు.

గిరిజ ముఖం మాడిపోయింది. జనం తిడితే ఆవిడకు అలవాటే, తుడిచేసుకుంటుంది. ఏడుస్తుంటే నవ్వడం కొత్త. లైట్లు వేశాక సంఘం అధ్యక్షుడు మల్లికార్జున కండువా సర్దుకుంటూ వచ్చాడు.

"బానే ఉందమ్మా. కానీ మన సంస్కృతి ఎక్కడుంది ఇందులో?"

"జలగ కడుపులో ఉందండీ," అని గిరిజ బ్యాగు తీసుకుని బయటికి నడిచింది.

కార్ పార్కులో లోకేష్ గోడకు ఆనుకుని ఉన్నాడు. "నవ్విన్రు ఆంటీ. మీరు సచ్చేటప్పుడు గూడ నవ్విన్రు. నాకు సిన్మా తీసుడు రాదు."

"నాకూ చావడం రాదులే. పద, ఇంటికి పోదాం," అంది గిరిజ. కారులో సదాశివం దారి పొడుగునా, తన నటన ఎలా ఉందో ఎవరైనా చెబుతారేమోనని అద్దంలోంచి వెనక్కి చూస్తూ పోయాడు.

ఆ కథ అంతటితో ముగిసేదే. కానీ వర్షిత కుర్చీలో కూర్చున్న జలగ ముక్కను, కింద ఇంగ్లీషు మాటలు వేసి, ఇంటర్నెట్లో పెట్టింది. ఏ మూలనుంచి ఏ మూలకు పోయిందో, లీడ్స్‌లో ఇలాంటి సినిమాల పిచ్చివాళ్ళ క్లబ్బు ఒకటి సినిమా మొత్తం అలాగే ఇంగ్లీషు మాటలతో కావాలంది. పబ్బు పైన గదిలో శనివారం మధ్యాహ్నం ఆట. గిరిజ రానంది. ఇంకోసారి చచ్చి నవ్వులపాలు కావడం దేనికంది.

"అమ్మా, ట్రస్ట్ మీ. ప్లీజ్," అంది వర్షిత. ఆ పిల్ల ప్లీజ్ అనడమే అరుదు. వెళ్ళారు.

గదినిండా నల్ల టీషర్టులు, మోచేతులదాకా టాటూలు. గిరిజ పర్సు గుండెకు అదుముకుని చివర కూర్చుంది. ఈ జనం మొదటినుంచే నవ్వారు. పిన్నీసు కనబడితే నవ్వారు, జావ జారితే చప్పట్లు కొట్టారు. జలగ కుర్చీలో కూర్చున్నప్పుడు గదిలో సగంమంది లేచి నిలబడ్డారు. ఒకడి బీరు ఇంకొకడి ఒళ్ళో పడింది, పడ్డవాడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. గిరిజ తల వంచుకుని చివరి సీను కోసం పళ్ళు బిగించుకుంది.

చివరి సీను వచ్చింది. జలగ గిరిజ కాళ్ళను నోట కరుచుకుంది. వెనకనుంచి ఎవరో భారీ మనిషి, "వదిలెయ్ ఆమెని!" అని ఇంగ్లీషులో అరిచాడు. ఇంకొకరు అందుకున్నారు. గది మొత్తం జలగను తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లలో చాలావి గిరిజ కౌంటర్ దగ్గర విన్నవే, కానీ తన తరఫున ఎవరైనా తిట్టడం అదే మొదలు. ఫోన్ మోగింది, తెరమీది గిరిజ ఎత్తింది, లైన్లో ఉండమంది, పోయింది. నవ్వూ వచ్చింది, దాని వెనకే "అయ్యో" అని కూడా వచ్చింది. రెండూ ఒకే గొంతుల్లోంచి.

ఆట అయ్యాక గులాబీరంగు జుట్టున్న ఒకావిడ వచ్చి గిరిజ చేతులు పట్టుకుంది. ఆవిడా సర్జరీ రిసెప్షనిస్టేనట, బ్రాడ్‌ఫర్డ్‌లో. "నేను కూడా ఎత్తేదాన్నే, ఆ ఫోన్," అంది. ముక్కు చీదుకుంటూ నవ్వుతోంది. గిరిజ, "మీ దగ్గరా ఎనిమిదింటికేనా?" అని అడిగింది. ఇద్దరూ ఆ మాట పట్టుకుని అక్కడే చాలాసేపు డాక్టర్లను ఆడిపోసుకున్నారు. సదాశివాన్ని నలుగురు కుర్రాళ్ళు చుట్టుముట్టి, కుర్చీలో కూర్చునే ముందు ఆ తల దించడం ఎలా తట్టిందని అడుగుతున్నారు. "అనుభవం," అంటున్నాడాయన.

తర్వాత సర్జరీలో తిట్లు తగ్గాయా అంటే, ఏమీ తగ్గలేదు. కాకపోతే ఒక్కోసారి ఇంటర్నెట్లో ఆ జలగను చూసిన యూనివర్సిటీ కుర్రాళ్ళు వచ్చి కౌంటర్ ముందు నిలబడి పళ్ళికిలించేవాళ్ళు. గిరిజ మామూలుగా, "అపాయింట్‌మెంట్ ఉందా?" అనేది. వాళ్ళు పొంగిపోయి వెళ్ళి కుర్చీలో కూర్చునేవాళ్ళు. జబ్బు లేనివాళ్ళను లేపి పంపడం ఆవిడకు అదనపు పని అయింది.

లోకేష్ లీడ్స్‌కు మారి ఇంకో సినిమా తీశాడు. ఈసారి జలగకు మంచి రబ్బరు చొక్కా, డాన్సు, జోకులు. అదే పబ్బు, అదే జనం. ఒక్కడూ నవ్వలేదు. ఆ సాయంత్రం గిరిజకు ఫోన్ చేశాడు.

"ఇంత కామెడీ పెట్టిన ఆంటీ. ఎందుకు నవ్వలే?"

"అప్పుడు నువ్వు నిజంగా భయపెడదామనుకున్నావు. నేను నిజంగా చద్దామనుకున్నా. మీ అంకుల్ నిజంగా అపాయింట్‌మెంట్ లేదనుకున్నాడు. ఇందులో అందరూ నవ్విద్దామనే వచ్చార్రా. జలగకు ఆకలి కూడా లేదు."

లోకేష్ "అన్నం తిన్నరా ఆంటీ?" అని మాట మార్చాడు. మళ్ళీ సినిమా జోలికి పోలేదు. పెళ్ళి చేసుకుని లీడ్స్‌లోనే ఒక బ్యాంకు ఐటీలో స్థిరపడ్డాడు. క్లబ్బువాళ్ళు మాత్రం ఏటా పాత సినిమానే వేస్తూ వచ్చారు.

2019 వేసవిలో మధులిక అనే అమ్మాయి, లీసెస్టర్‌లో చదువుకుంటున్నది, గిరిజను వెతుక్కుంటూ వచ్చింది. కమ్యూనిటీ సెంటర్‌ను చుట్టుముట్టే పెద్ద బొద్దింక కథ తన దగ్గరుందట. ఆంటీకి అమ్మమ్మ వేషం, మొదట్లోనే మంచి చావు.

"అమ్మమ్మ వద్దు," అంది గిరిజ. "బొద్దింక నేనే వేస్తా."

సదాశివం టేబుల్ ఫ్యాను పట్టుకుని పక్కన నిలబడ్డాడు, ఆవిడకు ఉక్కపోయకుండా. ఈసారి మొదట తినాల్సింది మల్లికార్జునను. ఆయనే ఫోన్ చేసి మరీ వేషం అడిగాడట. ఆరు కాళ్ళతో గిరిజ మీదపడితే ఒక్క కేకతో పోవాలి. ఆయన పోలేదు. బొద్దింక చేతుల్లో వేలాడుతూ, కండువా సర్దుకుని, కెమెరావైపు తిరిగి సంఘం సభ్యులకు ధన్యవాదాలు చెప్పడం మొదలుపెట్టాడు. మధులిక కట్ చెప్పింది. మళ్ళీ తీశారు. ఈసారి పద్యం అందుకున్నాడు. మూడోసారి బొద్దింక ఆగలేదు. డైరెక్టరు యాక్షన్ అనకముందే ఆయన్ని నిలువునా లోపలికి లాగేసింది. లోపలినుంచి ఇంకా పద్యం వినిపిస్తోంది. సదాశివం ఫ్యాను కింద పెట్టి, అందరికంటే ముందుగా చప్పట్లు కొట్టాడు.