నిస్సంతు

చాలా ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నానండి. నోటితో చెప్పిన అబద్ధం కూడా కాదు. వేలు పెట్టి చూపించిన అబద్ధం. నేనెవరో మీకు తెలీదు, మీరెవరో నాకు తెలీదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నన్ను మంచిదాన్ని అనుకోమని మాత్రం అడగను.

మాది రావులపాలెం అవతల ఒక పల్లె. మాలో పోయినవాళ్ళని కాల్చరు, సొంత తోపులోనే పూడుస్తారు. తాతల నాటి మామిడితోపు అది, చూసేవాళ్ళు లేక అడవైపోయింది. మొగలి పొదలు, ఈతముళ్ళు, వాటి మధ్య ఎక్కడెక్కడో మావాళ్ళ సమాధులు. ఏటా మహాలయ అమావాస్యకి నాన్నమ్మ నన్ను వెంటబెట్టుకెళ్ళి ఒక్కొక్కటీ చూపించి, ఎవరిదో నాచేత చెప్పించేది. నాకు పెళ్ళి ఊళ్ళోనే చేశారు. నాన్నమ్మా, మిగతా పెద్దవాళ్ళూ పోయాక అవన్నీ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను.

మా పెదనాన్న కొడుకు రాజమండ్రిలో లెక్చరర్. తొంభైల్లో ఒక వేసవి సెలవులకి కెమెరాతో దిగాడు. సమాధులన్నీ ఫోటోలు తీసి, పేర్లు రాసుకుని, మా ఇంటి వంశవృక్షం వేస్తానన్నాడు. నాకెంత సంబరమో! తోడబుట్టినవాళ్ళు లేనిదాన్ని, అన్నయ్యంటే ప్రాణం. కత్తి పట్టుకుని పొదలు నేనే కొట్టాను. రాళ్ళ మీద నాచు గీకి, అరిగిపోయిన అక్షరాల్లో ముగ్గుపిండి నేనే రుద్దాను. తెల్లగా పేరు తేలగానే అన్నయ్య ఫోటో తీసేవాడు. "నువ్వు లేకపోతే ఈ పని అయ్యేదా చెల్లెమ్మా" అని రోజూ అనేవాడు. ఆ ఒక్క మాటకి పొంగిపోయి, చేతులు బొబ్బలెక్కినా పట్టించుకోలేదు.

ఒక మధ్యాహ్నం అరుగు మీద పెద్ద డ్రాయింగ్ షీటు పరిచాడు. కాఫీ తీసుకెళ్ళి వంగి చూశాను. మా నాన్న పేరు దొరికింది. దాని కింద ఒకటే మాట, ఎర్ర సిరాతో: నిస్సంతు. పిల్లలు లేరని.

"అదేంటన్నయ్యా? నేను లేనా?"

"లేవని ఎవరన్నారు? వంశమంటే ఇంటిపేరు కదమ్మా. పెళ్ళయ్యాక నీ ఇంటిపేరు మారిపోయింది. ఆడపిల్లల్ని ఇందులో వెయ్యరు."

"అయితే నాన్నకి పిల్లల్లేరని రాసేస్తావా?"

"కాగితం మీద మాటకి కళ్ళనీళ్ళేంటి, పిచ్చిపిల్లా! కాఫీ చల్లారిపోతోంది, ఇలా తే."

ఇచ్చాను. అదే నాకు ఇప్పటికీ మంట. నాన్న మంచాన పడితే ఎత్తి స్నానం చేయించింది నేను. ఆయన సమాధికి ఏటా సున్నం వేయించేది నేను. ఆ సమాధి దారి కూడా అన్నయ్యకి నేను చూపిస్తేనే తెలిసింది. నా చేత పని చేయించుకుని, నన్నే చెరిపేశాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాటికి మిగిలిన సమాధి ఒక్కటే, అన్నయ్య వాళ్ళమ్మది. అన్నయ్య ఉయ్యాల్లో ఉండగానే బాలింత జ్వరంతో దొడ్డమ్మ పోయింది. పెదనాన్న ఏడాది తిరక్కుండా మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, ఆమెకి రాయి వేయించిన పుణ్యాత్ముడు లేడు. అన్నయ్య దాన్ని ఆఖరికి ఎందుకు అట్టేపెట్టుకున్నాడో నాకు తెలుసు. "అమ్మది ఏదమ్మా?" అన్నప్పుడు ఆ లెక్చరర్ గొంతు చిన్నపిల్లాడిలా వణికింది.

దొడ్డమ్మది తోపుకి నీళ్ళొచ్చే బోదె కాలవ గట్టున, నేరేడు చెట్టు కింద. తలవైపు కాసిని ఇటుకలు, అంతే. నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ నా వేలు అటు వెళ్ళలేదు. ఇటువైపున్న ఎత్తు దిమ్మెని చూపించింది.

అది బుల్లోడిదండి. బుల్లోడు మా తాతయ్య ఎద్దు. కన్నకొడుకులా సాకాడు, చచ్చిపోతే అక్కడే పూడ్చి దిమ్మె కట్టించాడు.

అన్నయ్య దాన్ని కావలించుకుని బోరుమన్నాడు. నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. అప్పుడే చెప్పొచ్చు కదా? సాయంత్రం చెబుదామనుకున్నాను. మర్నాడనుకున్నాను. ఈలోగా దొడ్డమ్మ పేరుతో పాలరాయి చెక్కించుకొచ్చాడు. ఇక ఏటా కార్తీకంలో పెళ్ళాం పిల్లలతో రావడం, చీర కప్పడం, దీపం పెట్టడం. గాలికి దీపం ఆరకుండా కొంగు అడ్డుపెట్టేది నేనే. భయం వల్లే దాచానా? ఒట్టి భయమే అయితే, అతను దండం పెడుతుంటే ప్రతిసారీ నాలో ఎవరో "మొక్కు, మా నాన్నని నిస్సంతు అన్నావుగా" అని ఎందుకు అనుకునేవారు? ఛీ, నా బతుకు.

నాకు అన్యాయం జరిగింది. ఇప్పటికీ అదే అంటాను, దానికి నేను ఎవరి దగ్గరా తగ్గను. కానీ దొడ్డమ్మ నాకేం చేసింది? అన్నయ్య మా నాన్నని కాగితం మీద నిస్సంతు చేశాడు. నేను ఆ తల్లిని మట్టిలో చేశాను. కొడుకు ఏటా వచ్చి, పక్కనుంచే నడిచి వెళ్ళిపోతుంటే ఆవిడ అక్కడ చీకట్లో పడి ఉంది.

ఇప్పుడు అన్నయ్యకి బాగాలేదు. డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. మొన్న ఫోన్ చేసి, "నన్ను అమ్మ పక్కనే పెట్టించమ్మా. చోటు నువ్వే చూపించాలి" అన్నాడు. నేను ఏమన్నానో తెలుసా? "అలాగే అన్నయ్యా" అన్నాను.

అతనికి చెప్పగలనో లేదో తెలీదు. చెబితే ఆ మనిషి ఏమైపోతాడో, చెప్పకపోతే నేనేమైపోతానో అదీ తెలీదు. మీకు మాత్రం చెప్పేశాను. ఇన్నేళ్ళకి ఊపిరి కొంచెం ఆడుతోంది.

దొడ్డమ్మ బోదె గట్టున, నేరేడు చెట్టు కింద ఉంది. ఆవిడకి ఒక కొడుకు ఉన్నాడు.