పిలవని పెళ్ళిళ్ళలో గిటారు

నాకు నలభై దాటాక, ఆఫీసులో చిన్నపిల్లలు నన్ను మేడమ్ అని పిలుస్తున్న రోజుల్లో, మా అన్నతో కలిసి ముక్కూ మొహం తెలియనివాళ్ళ పెళ్ళిళ్ళకు వెళ్ళి భోంచేసి వచ్చేదాన్ని. భోజనం కోసం కాదు. ఆర్కెస్ట్రాలో ఒక మూల కూర్చుని గిటారు వాయించే మనిషి కోసం. ఈ మాట ఇప్పుడు చెబుతున్నా చెవులు వేడెక్కుతున్నాయి.

మా కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఆయనకొక బ్యాండ్ ఉండేది. రైల్వే క్వార్టర్లలో పెరిగిన ఐదుగురు కుర్రాళ్ళు ఆదివారం సాయంత్రాలు స్టేషన్‌కు దగ్గర్లోని ఒక పాత హాల్లో వాయించేవాళ్ళు. మాది బన్సీలాల్‌పేట్. నాన్నకు మోండా మార్కెట్‌లో స్టీలు సామాన్ల దుకాణం. ఇంట్లో రేడియోలో వచ్చే సినిమా పాటలు తప్ప వేరే సంగీతం ఎరగం. అన్న ఎవరో స్నేహితుడి వెంట ఒకసారి ఆ హాలుకు వెళ్ళొచ్చి, మరుసటి వారం నన్నూ తీసుకెళ్ళాడు.

మొదట నాకేమీ అర్థం కాలేదు. పాట కాసేపట్లో అయిపోయింది, కానీ వాళ్ళు ఆపలేదు. గిటారు ఆయన పాటను వదిలేసి ఎటో వెళ్ళిపోయాడు. డ్రమ్స్ కుర్రాడు వెతుక్కుంటున్నట్టు వెనకాలే వెళ్ళాడు. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే అటే నడిచారు. దారి తప్పారేమో, అందరి ముందూ నవ్వులపాలవుతారేమో అని నేను దుపట్టా కొస నలుపుతూ కూర్చున్నాను. చాలాసేపటికి వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అంతే, పాటను ఎక్కడ వదిలారో సరిగ్గా అక్కడికి అందరూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. హాలంతా లేచి నిలబడింది. నేనూ నిలబడ్డాను. ఆ తర్వాతి ఆదివారం అదే పాట ఇంకో దారిన వెళ్ళింది. ఏ దారిన వెళ్తుందో చూడాలని మేం ఆ తర్వాత ఒక్క వారమూ మానలేదు.

ఫిజిక్స్ సార్ మాకు అక్కడే పరిచయం. గుంటూరు వైపునుంచి వచ్చి ఒక మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పేవారు. పొద్దున చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి, సాయంత్రం మా పక్క వరసలో కళ్ళు మూసుకుని తల ఊపుతూ కనిపించేవారు.

తర్వాత అందరి బ్యాండ్లకూ అయినట్టే దానికీ అయింది. ఒకాయన ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు, ఒకాయన గల్ఫ్‌కు, మిగిలినవాళ్ళు ఉద్యోగాలకు. హాలు మూతపడింది. నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు. అన్న దుకాణంలో నాన్న స్థానంలో కూర్చున్నాడు. సార్ సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. అయినా నెలకోసారి ముగ్గురం సార్ ఇంట్లో కలిసేవాళ్ళం. ఫలానా ఆదివారం వర్షంలో కరెంటు పోయినప్పుడు ఎలా వాయించారో, ఫలానా పాటలో ఎక్కడ మలుపు తిరిగారో చెప్పిందే చెప్పుకునేవాళ్ళం. "మీ భజన అయిందా?" అని మా ఆయన నవ్వేవాడు.

ఒకరోజు అన్న దుకాణం నుంచి నేరుగా మా ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విప్పలేదు.

"ఏమే, ఆయన ఊర్లనే ఉన్నడు!"

"ఎవరన్నా?"

"ఎవరేందే! గిటారు. ఫంక్షన్ హాల్ ముంగటికెల్లి వస్తున్న, లోపల పెండ్లి అయితున్నది. సినిమా పాటనే వాయిస్తున్నరు గని నడిమిట్ల గిటారు జెరసేపు పక్కకు జరిగింది చూడు, నా కాళ్ళు ఆడనే ఆగినయ్. లోపలికి తొంగి చూసిన. ఆయనే."

అలా మొదలైంది. మొదటిసారి సార్‌ని కూడా పిలుచుకుని ముగ్గురం గేటు బయట నిలబడి విన్నాం. వాచ్‌మన్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, "లోపలికి పోండ్రి సార్, బయటెందుకు నిలబడ్డరు?" అన్నాడు. పోయాం. ఆ తర్వాత ఆర్కెస్ట్రావాళ్ళు ఎప్పుడు ఎక్కడ ఉంటారో అన్న కనుక్కునేవాడు. నేను పట్టుచీర కట్టుకునేదాన్ని, సార్ కోటు వేసుకునేవారు. తినకుండా కూర్చుంటే అనుమానిస్తారని అన్న అన్నాడు కాబట్టి తినేవాళ్ళం. ఉత్త చేతులతో తినలేక నేను దుకాణం నుంచి స్టీలు గిన్నో డబ్బానో రంగు కాగితంలో చుట్టి తెచ్చేదాన్ని. దాని మీద పేరు రాయడానికి లేదు. ఆ ఇళ్ళలో తర్వాత బహుమతులు విప్పుకుంటూ, ఇదెవరిచ్చారు అని తలలు పట్టుకుని ఉంటారు.

ఒక పెళ్ళిలో ఒక పెద్దావిడ నా పక్కకొచ్చి, "అట్ల గింతగింత తింటవేంది బిడ్డా, మనింటి పెండ్లే గదా" అని తన చేత్తో నా విస్తట్లో ఇంకో లడ్డు పెట్టింది. ఆ లడ్డు విస్తట్లోనే వదిలేసి లేచాను. ఇక రానని ఆ రాత్రి అన్నతో గట్టిగా చెప్పాను. పది రోజులు తిరగకముందే మళ్ళీ పట్టుచీర తీశాను.

ఎందుకంటే అక్కడ అందరూ మాట్లాడుకుంటూ తింటూ ఉండగా, ఏదో ఒక పాటలో, పాడే అమ్మాయి ఊపిరి తీసుకునే ఖాళీలో, ఆ గిటారు అర నిమిషం తన దారిన తాను వెళ్ళేది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఆ అర నిమిషం కోసం ఎంత సిగ్గయినా మింగేవాళ్ళం.

చివరిది ఒక చర్చి ఆవరణలో జరిగిన రిసెప్షన్. ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. మేం వెనక వరసలో కూర్చుని ఉండగా ఒకాయన, పెళ్ళికూతురి మేనమామట, నవ్వుతూనే వచ్చి అడిగాడు.

"మీరెవరి తరఫండీ? నేను గుర్తుపట్టలేకపోతున్నాను, ఏమనుకోకండి."

"పెండ్లికొడుకు తరఫు," అన్నాడు అన్న.

ఆయన పక్కనే ఉన్న మనిషి వైపు తిరిగాడు. "బావగారూ, మీవాళ్ళేనటండీ."

ఆ బావగారు పెళ్ళికొడుకు తండ్రి. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. మళ్ళీ మొదటినుంచి చూశాడు. అన్న జ్యూస్ గ్లాసు కుర్చీ కింద పెట్టాడు. చుట్టూ కుర్చీలవాళ్ళు మా వైపు తిరిగారు.

అప్పుడు స్టేజీ మీదినుంచి ఒక కేక వినబడింది. "సార్! ఫిజిక్స్ సార్!"

పెళ్ళికూతురు. తెల్లచీర కొంగు చేత్తో పట్టుకుని మెట్లు దిగి మా దగ్గరికే వచ్చేసింది. సార్ దగ్గర చదువుకున్న పిల్ల.

"సార్, మీకు కార్డు ఇవ్వలేదు నేను. అడ్రస్ దొరకలేదని ఊరుకున్నాను. బుద్ధిలేనిదాన్ని. అయినా మీరొచ్చారు. క్షమించండి సార్." ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సార్ ఆ పిల్ల తల మీద చేయి పెట్టారు. మేనమామ మాకు చేతులు జోడించాడు. పెళ్ళికొడుకు తండ్రి స్వయంగా కుర్చీలు జరిపి మమ్మల్ని ముందుకు నడిపించాడు. మమ్మల్ని గెంటేసినా నాకు అంత కష్టంగా ఉండేది కాదు. ఫోటో కోసం స్టేజీ ఎక్కించారు. పెళ్ళికూతురు సార్ చేయి వదల్లేదు. నేను ఆ కుటుంబం మధ్య, ఎవరిదో నానమ్మ పక్కన నిలబడ్డాను. ఫోటోగ్రాఫర్ నవ్వమన్నాడు.

ఆర్కెస్ట్రా మాకు నాలుగడుగుల దూరంలో ఉంది. మెరిసే నీలం కోటు తొడుక్కున్న గిటారు ఆయన తలెత్తి మమ్మల్ని చూశాడు. ఆయన వేళ్ళు ఆగిపోయాయి. కీబోర్డు కుర్రాడు కంగారుగా ఆ ఖాళీ నింపాడు. ఆ తర్వాత ఆ సాయంత్రమంతా గిటారు పాటను దాటి ఎక్కడికీ వెళ్ళలేదు.

విరామంలో ఆయన మమ్మల్ని వెతుక్కుంటూ చెట్ల పక్కకు వచ్చాడు. అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. జుట్టుకు రంగు వేసుకున్నాడు, చెవుల దగ్గర తెల్లగా ఉంది.

"ప్రతి పెండ్లిల కనిపిస్తున్నరు. ఎవరన్నా మీరు?"

అన్న చెప్పాడు. హాలు, ఆదివారాలు, అన్నీ. "మీ కోసమే వస్తున్నమన్నా. గా నడిమిట్ల వాయిస్తరు చూడు, గది వినేతందుకు."

ఆయన సంతోషిస్తాడని అనుకున్నాం. ఆయన కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ నేల చూశాడు.

"గందుకే చెప్తున్న, రాకుండ్రి. ఈడ ఎవరికీ నేనెవరో తెల్వది. ఏం వాయించినా ఏమనరు. పైసలిస్తరు, తింట, పోత. అప్పటోళ్ళు ఎదురుంగ కూసుంటే ఈ కోటు నాకు కనబడుతది. నాకు షరం అయితదన్నా, సిగ్గయితది."

బయటికొచ్చేశాం. ఆటో కోసం నిలబడ్డప్పుడు సార్, "ఆ పిల్ల నన్ను క్షమించమందండీ," అని ఒక్క మాటన్నారు. తర్వాతి వారం ఆయన ఒక్కరే వాళ్ళింటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పేశారు. ఆ పిల్ల నవ్వేసిందట. ఆమె తండ్రి మాత్రం నవ్వలేదట.

మేం పెళ్ళిళ్ళు మానేశాం. సార్ ఇంట్లో కలవడం కూడా తగ్గింది. కలిసినా ఆ ఆదివారాల ఊసు ఎవరమూ ఎత్తేవాళ్ళం కాదు.

కొన్ని నెలల తర్వాత ఒక మధ్యాహ్నం గిటారు ఆయన మా అన్న దుకాణానికి వచ్చాడు, ఇడ్లీ పాత్ర కొనడానికి. ఆయన్ని చూడగానే అన్న ఏదో వెతుకుతున్నట్టు కౌంటర్ కిందికి వంగాడట. ఆయన కదలకుండా నిలబడ్డాడట.

"పైకి లెవ్వన్నా. నేను నిన్ను చూసిన. ఆ దినం గట్ల అనకుంటె మంచిగుండు. నాకు నిద్ర పడ్తలేదు. ఆదివారం మా ఇంటికి రండ్రి. పెండ్లి ఏం లేదు, భయపడకుండ్రి."

వెళ్ళాం. స్టేషన్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య ఒక బడిలో కుట్టుపని నేర్పుతుంది. గుమ్మంలో నన్ను చూస్తూనే ఆగిపోయింది.

"నువ్వు ఆకుపచ్చ దుపట్టా ఏసుకొని వస్తుంటివి కదా? అన్నతోని? ఎప్పుడూ ఎడమదిక్కు కుర్చీలు కావాలంటుంటిరి."

నేను ఆమె మొహం చూశాను. ఎంత చూసినా ఏమీ గుర్తుకు రాలేదు.

"టికెట్ల కాడ నేనే కూసుంటుంటి," అంది. "అప్పుడు మాకు పెండ్లి కాలే."

ఎన్నో ఆదివారాలు ఆమె చేతినుంచే టికెట్ తీసుకున్నాను. వర్షంలో కరెంటు పోయిన రోజు కొవ్వొత్తులు తెచ్చిందెవరో మా కథల్లో ఎప్పుడూ లేదు. ఆమేనట. ఏ పాట ఏ మలుపు తిరిగిందో పొల్లుపోకుండా చెప్పగలిగిన మేం ముగ్గురం, బ్యాండ్ ఆగిపోయాక ఆయన ఎక్కడున్నాడో, ఎలా బతుకుతున్నాడో ఒక్కసారీ కనుక్కోలేదు. పెళ్ళిళ్ళలో కూడా ఆయన తిన్నాడా లేదా అని చూడలేదు. చెట్ల పక్క ఆయన మమ్మల్ని అన్న మాటకన్నా, ఆమె అంత ప్రేమగా నా చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళడం నన్ను ఎక్కువ కుంగదీసింది.

ఆ రోజు ఆయన మంచం మీద కూర్చుని వైరు తగిలించకుండా వాయించాడు. సన్నటి శబ్దం. వినడానికి అందరం ముందుకు వంగాల్సి వచ్చింది. పాత పాట ఒకటి మొదలుపెట్టి ఎటో వెళ్ళాడు. డ్రమ్స్ లేవు, వెంట వెళ్ళేవాళ్ళు లేరు. చాలాసేపు ఒక్కడే తిరిగి, వదిలిన చోటికి ఒక్కడే వచ్చాడు. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన భార్య బియ్యం ఏరుతూ, "ఇంట్ల ఇట్ల వాయించుడు ఇన్నేండ్లల్ల ఇదే. ఎవరు వింటరే అంటడు. నేను వింటలేనా?" అంది. ఆయన సిగ్గుపడి తల గోక్కున్నాడు.

కొన్నేళ్ళు అలా ఆదివారాలు వెళ్ళాం. తర్వాత ఆయన ఎడమచేతి వేళ్ళు పట్టేయడం మొదలైంది. పెళ్ళిళ్ళకు వెళ్ళడం ఆపేశాడు, ఇంట్లోనూ వాయించడం ఆపేశాడు. మేం వెళ్ళడం ఆపలేదు. ఆమె టీ పెట్టేది. నీళ్ళు ఎన్నిటికి వస్తున్నాయో, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో మాట్లాడుకునేవాళ్ళం.

ఆయన మమ్మల్ని చూసి సంతోషించేవాడు, అది నిజం. నాకూ ఆ ఇద్దరంటే ప్రాణం, అదీ నిజమే. అయితే మాటల మధ్యలో నా చూపు తలుపు వెనక గుడ్డ కప్పి ఉన్న గిటారు మీదికి పోతూనే ఉండేది. ఒకసారి అలా చూస్తుండగా ఆయన భార్య నన్ను చూసింది. నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. నేను తల దించుకుని తాగాను.