అమెరికా వాళ్ళకు గోలీలు రాసిన రోజులు

ఆ రోజుల్లో రేపు ఆఫీసు ఉందో లేదో టీవీ చూస్తే గానీ తెలిసేది కాదు. తెలంగాణ ఉద్యమం జోరుమీదుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సులు తిరిగితే ఉద్యోగం, ఆగితే సెలవు. బంద్ అనగానే ఊళ్ళో ఒకరికి ఆవేశం, ఒకరికి ఆందోళన. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చేది, ఆ రోజు గోదావరి ముఖం చూడనక్కర్లేదు గనక.

గోదావరి అంటే ఆఫీసులో నా ఎదురు కుర్చీ అమ్మాయి. రాజమండ్రి నుంచి వచ్చి హాస్టల్లో ఉండేది. గలగలా మాట్లాడుతుందని నేను మనసులో పెట్టుకున్న పేరది. (పైకి పిలిచే ధైర్యం నాకెక్కడిది?) ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో కూర్చుని విదేశీ వెబ్‌సైట్లకు ఇంగ్లీషులో వ్యాసాలు రాయడం మా పని. ఆమెకు అత్తర్లు, సముద్రపు దీవులు, పెళ్ళి గౌన్లు వచ్చేవి. నాకు గీజర్ల మరమ్మతు, కుక్కలకు పట్టే పిడుదులు. ఆమె తల దువ్వుకోకుండా వచ్చినా, ఆఫీసు నడిపే మా సార్ "ఏంది, కొత్త స్టైలా?" అని నవ్వేవాడు. నేను కొత్త పోచంపల్లి చుడీదార్ వేసుకుని వెళ్ళిన రోజున నన్ను తేరిపార చూసి, "ఫ్యాన్ జర తగ్గియ్యమ్మా" అన్నాడు.

అలాంటి సార్ ఒక పొద్దున మా ఇద్దరినీ పిలిచాడు. "అమెరికల వేటగాళ్ళ వెబ్‌సైట్ అంట. ఎల్క్ అసుంటి పెద్ద జంతువులను కొట్టనీకి రైఫిల్‌ల ఏ తూటా వాడాలె, గది రాయాలె. చెరొకటి రాయుండ్రి. ఎవ్వరిది నచ్చితే వాళ్ళు పర్మనెంట్. రెండో వాళ్ళకు... ఏం జెయ్యాలె, పని తగ్గింది."

బొద్దింకను చీపురుతో కూడా కొట్టలేని నేను ఆ వారమంతా తూటాలతోనే కాపురం చేశాను. ఎల్క్ అంటే మన దుప్పి జాతిదే, కానీ గుర్రమంత ఉంటుంది. తేలిక తూటా దాని భుజం ఎముకకు తగిలి ముక్కలైపోతుంది. బరువైనది కావాలి, లోపలికి పోయి పువ్వులా విచ్చుకోవాలి, విచ్చుకున్నా విడిపోకూడదు. అలాగని మరీ పెద్దది ఎంచుకుంటే రైఫిల్ వెనక్కి తన్నే తన్నుకు భయపడి, మీట నొక్కేటప్పుడే కళ్ళు మూసుకుంటాం. (ఈ చివరిది చదివినప్పుడు నన్ను చూసే రాశారనిపించింది.) అమ్మ "ఏం రాస్తున్నవే?" అంటే "గోలీలమ్మా" అన్నాను. తుపాకీ గోలీలని విడమరచి చెప్పలేదు, అదే పొరపాటు. మా ఇళ్ళల్లో గోలీ అంటే ముందు గుర్తొచ్చేది మందుబిళ్ళ. మర్నాటికల్లా చంపాపేట్‌లో మా గల్లీ అంతా పాకింది: "మా పిల్ల అమెరికోళ్ళకు గోలీలు రాస్తది!"

వ్యాసాలు పంపాల్సిన రోజే బంద్ పడింది. పొద్దున్నే గోదావరి ఫోన్. "ఏమే, ఇక్కడ నెట్ సెంటర్లన్నీ మూసేశారు. మీ ఇంట్లో నెట్ ఉందిగా, నడిచొచ్చేస్తున్నా!" వద్దనడానికి నాకు నోరు పెగలాలిగా. వచ్చింది.

"తొవ్వల ఎవరన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని అమ్మ కంగారుపడింది.

"లేదు ఆంటీ. ఒకాయన జై తెలంగాణ అనమన్నాడు. గట్టిగా అన్నాను. మంచినీళ్ళ ప్యాకెట్ ఇచ్చాడు!"

ఇక్కడే పుట్టి పెరిగి, అంతవరకూ ఆ మాట పెదవి దాటించలేని నాకు కడుపు రగిలిపోయింది. పైగా అమ్మ ఆమెకు రెండో రొట్టె మీద మూడోది వేస్తోంది. అప్పుడే పక్కింటి పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ వచ్చింది.

"నువ్వు గూడ గోలీలు రాస్తవా బిడ్డా?"

"ఆ, రాస్తానండీ," అంది గోదావరి, తను తూటాల సంగతే అనుకుని.

"మోకాళ్ళకు ఏది మంచిగుంటది?"

"అయ్యో, మోకాళ్ళకి కొట్టకూడదండీ! భుజం వెనకాల కొట్టాలి, గుండెకి తగిలేలా. ఒక్కదానికే పడిపోవాలి, లేకపోతే పాపం కుంటుకుంటూ చాలా దూరం పోతుంది."

పెద్దమ్మ కుంటకుండానే చాలా దూరం పోయింది. నేను గోడకు ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. ఆ నవ్వు మధ్యలోనే తట్టింది. భుజం వెనకాల! అంటే ఇదీ బాగానే చదివిందన్నమాట. ఇద్దరి వ్యాసాలూ ఒకే కంప్యూటర్ నుంచి వెళ్ళాయి.

నచ్చింది నాదే. సార్ చెప్పగానే గోదావరి నన్ను వాటేసుకుంది. "హమ్మయ్య! నాకు మాదాపూర్‌లో పెద్ద కంపెనీలో ఉద్యోగం వచ్చిందే. ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే, సార్ అడిగారని ఊరికే రాశాను." పర్మనెంట్ అయిన సంతోషం అక్కడికక్కడే చచ్చింది. ఆ అద్దాల మేడ, ఆ కంపెనీ క్యాబ్ తలచుకుంటూ మళ్ళీ మొదటినుంచీ కుళ్ళుకోవడం మొదలుపెట్టాను.

కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. గొంతులో గలగల లేదు. "ఇక్కడ పలకరించే దిక్కు లేదే. నీకేం, ఇంటి దగ్గర ఉద్యోగం, అమ్మ చేతి రొట్టె. నిజం చెప్పనా? నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది."

ఓదార్చాల్సిన సమయం. ఇప్పుడైతే వెంటనే ఇంటికి రమ్మనేదాన్ని. కానీ ఆ రోజుల్లోని ఆ సిగ్గరి పిల్ల ఫోన్‌ను చెవికి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని, జీవితంలో మొదటిసారి గొంతెత్తి అడిగింది:

"సరిగ్గా ఇనపడలే. ఇంకొక్కసారి చెప్పవా?"