ఎర్రజెండా వెనక బండి

కువైట్‌లో మేం నడిపే హోటలు డెలివరీ బైకులు రింగు రోడ్లెక్కకూడదని నిబంధన వచ్చింది. వేసవి మధ్యాహ్నాలు అసలు రోడ్డు మీదికే రాకూడదు. ఆ వేళంతా ఖైతాన్‌లో మా బిల్డింగు మెట్ల మీద, హెల్మెట్లు తలకింద పెట్టుకుని పడుకునేవాళ్లం. నిద్ర పట్టేది కాదు, ఒంట్లో వేడి దిగేది కాదు. ఆర్డర్లు పడిపోయాక, మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, బైకులు తీసేసి కార్లు కొంటున్నాడని తెలిసింది. నాకు కారు లైసెన్సు లేదు. బైకు పోతే నా పనీ పోతుంది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. అసలు చదువంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలో, బీరువా తర్వాత బీరువా. ఆ ధైర్యంతోనే మా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాను. ఆయన కడప మనిషి. టీ తాగుతున్నాడు.

“అన్నా, పెట్రోలుతో నడిచే మూడుచక్రాల బండి తొలిరోజుల్లో చేసినోళ్లలో ఒకాయన ఇంగ్లండులో ఉండేవోడండి. అలాంటి బండి ముందు ఎర్రజెండా పట్టుకుని ఓ మనిషి నడవాలని అక్కడ చట్టం. మనిషెంత జోరో బండీ అంతే. తర్వాత ఎత్తేశారండి. ఇదీ ఎత్తేస్తారు. బైకులు తీసేయకుండా కాస్త ఆగమని మన కఫీల్ పెద్దాయనకి చెప్పండి.”

“అంతవరకూ ఆయప్ప ఆగినాడా?”

అబద్ధమాడలేకపోయాను. “లేదండి. విసిగిపోయి బండి విప్పేసి పాతసామాను కింద ఇచ్చేశాడు.”

ఆయన నవ్వాడు. “చేసినోడే ఆగల్యా, కొన్నోడు ఆగుతాడా? తర్వాత ఏం జేసె?”

“ఉన్నచోటే తిరిగే ఇంజన్లు చేశాడండి. పడవలకీ చేశాడు.” అంతటితో ఊరుకోలేదు. కార్బొరేటరులోకి పెట్రోలు ఎలా దిగుతుందో, గాలితో ఎలా కలుస్తుందో అంతా చెప్పాను. చదివినది ఎవరైనా అడిగితే నాకు నోరాగదు.

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. “అబ్బో, ఇంజన్ల సంగతి ఇంత తెల్సా నీకు! కబ్ద్‌లో పెద్దాయన తోట ఉండాది. నీళ్ల ఇంజను దినామూ నిల్చిపోతాంది. నిన్ను ఆడికి పంపుతా.”

“చదివానంతేనండి. ఎప్పుడూ విప్పలేదు.”

“విప్పితే అదే వస్తాది లే. యల్లా, గుడ్డలు సర్దుకో.”

కాదంటే ఇంటికి టికెట్టే. వాదించే ఓపిక కూడా లేదు. “ఆయ్” అన్నాను.

మర్నాడు పికప్పులో కబ్ద్ చేరేసరికి ఇంజను ఆగి ఉంది. గొర్రెలు ఎండిన తొట్టె నాకుతున్నాయి. తోట మనిషి స్పానరు నా చేతిలో పెట్టి నీడలోకి వెళ్లిపోయాడు. ముందు ఏ నట్టు విప్పాలో తెలియలేదు. చేతికందినదాన్ని పట్టుకున్నాను, ఎండకి కాగిన ఇనుము, చెయ్యి కాలింది.