మా క్యాంపింగ్ చివరికి ఎక్కడ తేలిందంటే

ఈ రెండు రోజుల సెలవు కోసం వరసగా నాలుగు శుక్రవారాలు, అంటే ఇక్కడ గల్ఫ్‌లో సెలవు రోజుల్లో, వేరేవాళ్ల డ్యూటీలు చేశాను. మా వార్డులో నలుగురం నర్సులం వెళ్దామని, పడకలున్న క్యాంపర్ వ్యాన్ కూడా మాట్లాడాను. ఎక్కడ ఆపుకోవాలో తేల్చడమే మిగిలింది. దానికే ఈ రోజు క్యాంటీన్‌లో కూర్చున్నాం.

ఫిన్స్ బీచ్ అంటే బాత్రూములుండవన్నారు. జబల్ షమ్స్ కొండ మీదంటే చలన్నారు. వహీబా ఎడారిలో వ్యాన్ ఇసుకలో కూరుకుపోతుందన్నారు. మేరీకైతే రైస్ కుక్కర్‌కి ప్లగ్ లేని చోటు అసలు చోటే కాదట!

చివరికి సునీత అంది:

"అక్కా, మబేలాలో మీ మేడ మీదే టెంటేసుకుందామా? బాత్రూముంది, ప్లగ్గుంది."

"మరి వంటెవరు చేస్తారే?"

"మీ చేతి బిర్యానీ ఉండగా ఇంకెవరి వంట తింటామక్కా!"

ముగ్గురూ ఒక్కసారిగా సరేననుకున్నారు. నా ఎదురుగానే ఫోన్ చేసి వ్యాన్ వద్దనేశారు.

అసలు నేనీ ట్రిప్ పెట్టుకున్నదే రెండు రోజులు మా వంటింటి మొహం చూడకూడదని. వాళ్లొచ్చేసరికి బియ్యం డబ్బా గుమ్మం ముందుంచి, దాని మీద తాళంచెవుల గుత్తి పెట్టేసి, కారేసుకుని నేనొక్కదాన్నే ఫిన్స్ వెళ్లిపోతే తప్పంటారా?